రెండు సమాధుల తోటలు, ఒకే పటం: గెట్టిస్‌బర్గ్ ప్రాజెక్టు డైరీ

మార్చి 8

హారిస్‌బర్గ్ చుట్టుపక్కల ఉండే మా తెలుగు కుటుంబాల ఇంటికి ఇండియా నుంచి ఎవరు వచ్చినా ఒక రోజు గెట్టిస్‌బర్గ్ యాత్ర తప్పదు. గంట లోపు ప్రయాణం. అమెరికా అంతర్యుద్ధంలో భాగంగా 1863 జూలై 1 నుంచి 3 వరకు అక్కడ జరిగిన యుద్ధం గురించి కొంత చెప్పి, ఫిరంగుల పక్కన ఫొటోలు తీసి, అధ్యక్షుడు లింకన్ ప్రసంగించిన జాతీయ శ్మశానవాటికలో అర్ధవృత్తాకారంలో అమర్చిన వేల సమాధులను చూపించి తిరిగి వస్తాం. అదే ఊరిలో, అక్కడి నుంచి పది పదిహేను నిమిషాల నడక దూరంలో, లాంగ్ లేన్ పక్కన లింకన్ సెమెటరీ అనే మరో సమాధుల తోట ఉందని నాకు ఇన్నేళ్లూ తెలియదు. పోయిన శరదృతువులో దారి తప్పి అటు వెళ్లినప్పుడు పెన్సిల్వేనియా రాష్ట్రం పెట్టిన నీలిరంగు చారిత్రక ఫలకం కనిపించింది. గెట్టిస్‌బర్గ్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ పౌరుల కోసం, ఆ జాతి సైనికుల కోసం ‘సన్స్ ఆఫ్ గుడ్ విల్’ అనే సంఘం 1867లో ఆ స్థలాన్ని ఏర్పాటు చేసిందని, జాతి వివక్ష కారణంగా జాతీయ శ్మశానవాటికలో చోటు దక్కని ముప్పై మంది వరకు నల్లజాతి సైనికులు అక్కడ ఉన్నారని దాని మీద రాసి ఉంది.

ఈ ప్రాజెక్టు అక్కడ మొదలయింది. మా వారాంతపు తెలుగు తరగతి పిల్లలు ప్రతి జూన్‌లో గెట్టిస్‌బర్గ్ నడకకు వెళతారు. వారి కోసం మడత పెట్టి జేబులో పెట్టుకోదగిన ఒక తెలుగు పటం తయారు చేయాలి. అందులో రెండు సమాధుల తోటలూ ఒకే కాగితం మీద, ఒకే కొలతలో ఉండాలి. లింకన్ సెమెటరీలోని సైనికుల రాళ్లకు ఒక్కొక్కదానికి ఒక కార్డు రాయాలి. తోట బాధ్యత చూసే వారిని సంప్రదించి, రాళ్లను ముట్టుకోకుండా ఫొటోలు తీయడానికి, దూరాలు కొలవడానికి అనుమతి తీసుకున్నాను.

మార్చి 22

ఈ రెండు వారాలు మాటల పనికే సరిపోయాయి. పటం మీద పడే మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. శ్మశానం అనగానే తెలుగు పాఠకుడి కళ్ల ముందు కాష్ఠం, చితి, ఏటి ఒడ్డు కనిపిస్తాయి. రుద్రభూమి అంటే మరీనూ. పేరు చెక్కిన రాయి కింద మనిషి ఉన్న చోటు, బంధువులు పూలు తెచ్చి పెట్టే చోటు అనే అర్థం రావాలంటే మన క్రైస్తవ కుటుంబాలు వాడే ‘సమాధుల తోట’ అనే మాటే సరిపోతుంది. పటం మీద రెంటికీ అదే మాట వాడాలని నిర్ణయించుకున్నాను (ఈ డైరీలో మాత్రం అలవాటైన పేర్లే రాస్తున్నాను). ఒకదానికి గంభీరమైన సంస్కృత పదం, మరొకదానికి ఇంటి మాట వాడితే, ఏ తేడాను చూపించడానికి ఈ పటం వేస్తున్నానో ఆ తేడాను నేనే మళ్లీ చేసినట్టవుతుంది.

రెండో చిక్కు ‘కలర్డ్ ట్రూప్స్’ అనే మాటతో వచ్చింది. 1863 మే 22న అమెరికా యుద్ధ శాఖ నల్లజాతి సైనికుల కోసం ఒక ప్రత్యేక విభాగాన్ని తెరిచింది. ఆ తరువాత ఏర్పడిన పటాలాలకు అధికారికంగా ‘యునైటెడ్ స్టేట్స్ కలర్డ్ ట్రూప్స్’ అని పేరు. సమాధి రాళ్ల మీద యు.ఎస్.సి.టి. అనే నాలుగు అక్షరాలుగా కనిపించేది ఇదే. ఆ ‘కలర్డ్’ అనే మాటను ఈనాడు మనుషుల గురించి ఎవరూ వాడరు, వాడకూడదు. కానీ రాయి మీద ఉన్నదాన్ని మార్చే హక్కు నాకు లేదు. అందువల్ల పటాలం పేరుగా దాన్ని తెలుగు లిపిలో ఉన్నదున్నట్టు ఉంచి, వివరణలో ప్రతిచోటా ‘నల్లజాతి సైనికులు’ అని రాస్తున్నాను. యుద్ధం ముగిసే నాటికి ఈ పటాలాలలో దాదాపు 1,79,000 మంది పనిచేశారు. 1864 జూన్ వరకు తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు ఇస్తే, వీరికి పది డాలర్లు ఇచ్చి, అందులోంచి బట్టల కోసం మూడు డాలర్లు మినహాయించుకునేవారు. కార్డు వెనుక వైపు ఈ లెక్క తప్పక ఉండాలి. పన్నెండేళ్ల పిల్లలకు తీసివేత వచ్చు.

ఏప్రిల్ 5

మొదటి పూర్తి పనిదినం. ఉదయం ఎనిమిది నుంచి ఒంటిగంట వరకు మా అమ్మాయి, నేను పదకొండు రాళ్లు ఫొటో తీశాం.

ఈ సైనికుల రాళ్లలో చాలా వాటికి ఒకే పోలిక ఉంటుంది. తెల్ల చలువరాయి, నాలుగు అంగుళాల మందం, పది అంగుళాల వెడల్పు, పైభాగం కొద్దిగా వంపు. ముందు వైపు డాలు ఆకారంలో లోపలికి చెక్కి, ఆ గుంటలో అక్షరాలను ఉబ్బెత్తుగా నిలిపారు. పేరు, కంపెనీ (పటాలంలోని చిన్న దళం) అక్షరం, పటాలం సంఖ్య తప్ప సాధారణంగా మరేమీ ఉండదు. పుట్టిన తేదీ లేదు, పోయిన తేదీ లేదు. 1879 ఫిబ్రవరి 3న చేసిన చట్టం ప్రకారం, జాతీయ శ్మశానవాటికలకు బయట, ఊరి సమాధుల తోటలలో ఉన్న సైనికులకు కూడా ప్రభుత్వమే ఈ రాళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇక్కడ ఒక విషయాన్ని మా అమ్మాయికి రెండుసార్లు వివరించాల్సి వచ్చింది. ఇక్కడున్న నల్లజాతి మనిషికి ప్రభుత్వం సైనికుడి రాయిని ఇచ్చింది, కానీ ఆ రాయిని అదే ఊరిలోని ప్రభుత్వ శ్మశానవాటికలో నిలబెట్టనివ్వలేదు. గౌరవంగా సైన్యం నుంచి విడుదలైన ప్రతి సైనికుడికీ జాతీయ శ్మశానవాటికలలో చోటు ఉండాలని 1873లోనే చట్టం వచ్చింది. చట్టంలో రంగు ప్రస్తావన లేదు. రంగు గెట్టిస్‌బర్గ్‌లో ఉంది.

పద్ధతి గురించి, ఇలాంటి పని తలపెట్టే వారి కోసం కొంచెం వివరంగా రాస్తాను. చలువరాయి సున్నపు జాతి రాయి కాబట్టి వానలోని ఆమ్లానికి నూటయాభై ఏళ్లలో పై పొర కరిగి, చక్కెర పలుకుల్లాగా గరుకుగా అయిపోతుంది. దాని మీద ఇనుప బ్రష్షు పెడితే ఆ పలుకులతో పాటు అక్షరాలూ రాలిపోతాయి. బ్లీచింగ్ ద్రవం వాడితే లోపల లవణాలు మిగిలి రాయి ఇంకా త్వరగా పొరలు విడుస్తుంది. అక్షరాలు తేలడానికి సుద్దముక్కో షేవింగ్ క్రీమో రుద్దమని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి, అవి వద్దు. కడగాల్సి వస్తే శుభ్రమైన నీరు, మెత్తని నైలాన్ బ్రష్షు, రాళ్ల కోసమే తయారైన మందు, అది కూడా అనుమతి ఉన్నవారు, నేర్చుకున్నవారు చేయవలసిన పని. మేము వాడినది వెలుతురు మాత్రమే. తలుపు ఎత్తున్న ఒక అద్దాన్ని మా అమ్మాయి కొంత దూరంలో నిలబడి పట్టుకుని, నీడలో ఉన్న రాయి ముఖం మీదికి ఎండను పక్క నుంచి పంపుతుంది. అద్దం అంగుళం తిరిగితే చాలు, చదునుగా కనిపించిన చోట ఒక్కసారిగా అక్షరాల నీడలు లేస్తాయి. తొమ్మిదో రాయి మీద పేరు అలా లేచినప్పుడు మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. నేను ఫొటో తీయడం కూడా మరిచిపోయి, తను గుర్తు చేస్తే తీశాను.

ఏప్రిల్ 13

వాన. ఇంటి దగ్గరే పేర్లు పట్టికలోకి ఎక్కించాను. తెలుగు లిపిలో ఒక చిక్కు ఉంది. ఏబ్రహాం బ్రయన్ ఇంటి పేరును పాత కాగితాలలో మూడు రకాలుగా రాశారు. తెలుగులోకి తెచ్చేసరికి మూడూ దాదాపు ఒకటే అవుతాయి. పటానికి అది మంచిదే, పాత రికార్డులలో వెతికేవారికి మంచిది కాదు. పట్టికలో మూడింటినీ విడివిడిగా ఉంచాను.

ఈ బ్రయన్ సైనికుడు కాడు. మేరీల్యాండ్‌లో పుట్టి, 1857లో సెమెటరీ రిడ్జ్ అనే గట్టు మీద 12 ఎకరాలు కొనుక్కున్న స్వేచ్ఛాజీవి అయిన నల్లజాతి రైతు. జూలై 3న దక్షిణాది సైన్యం (బానిసత్వాన్ని నిలుపుకోవాలని విడిపోయిన రాష్ట్రాల సైన్యం) చేసిన చివరి దాడి వచ్చి పడింది ఆయన పొలం పక్కకే. ఇల్లు తూట్లు పడింది, పంట పోయింది, కంచెలు పోయాయి. ప్రభుత్వాన్ని 1,028 డాలర్ల నష్టపరిహారం అడిగితే 15 డాలర్లు ఇచ్చారు. పార్కు వారు నిలబెట్టిన ఆ చిన్న తెల్ల ఇంటి పక్క నుంచి మా బంధువులందరినీ నేనే నడిపించాను. ఆ ఇంటాయన లింకన్ సెమెటరీలో ఉన్నాడని తెలిశాక, ఇప్పుడు రెండు చోట్లనూ పటంలో ఒక చుక్కల గీతతో కలిపాను.

ఏప్రిల్ 26

ఈ వారమంతా ఒక్క కార్డే రాశాను, నాలుగుసార్లు రాశాను. బేసిల్ బిగ్స్ కార్డు అది. ఆయన సైనికుడు కాకపోయినా ఆయనకూ ఒక కార్డు ఉండాలనుకున్నాను.

బిగ్స్ 1819లో మేరీల్యాండ్‌లోని క్యారల్ కౌంటీలో పుట్టాడు. అక్కడ నల్లజాతి పిల్లలకు చదువు దొరకదని 1858లో కుటుంబంతో సహా గెట్టిస్‌బర్గ్ వచ్చి, ఊరి దగ్గర ఒక పొలాన్ని కౌలుకు తీసుకున్నాడు. బానిసత్వం ఉన్న మేరీల్యాండ్‌కూ లేని పెన్సిల్వేనియాకూ మధ్య సరిహద్దు గెట్టిస్‌బర్గ్‌కు పది మైళ్ల లోపే ఉంది. అందుకే 1863 జూన్‌లో దక్షిణాది సైన్యం ఉత్తరానికి వస్తోందని తెలియగానే ఊరిలోని నల్లజాతివారిలో చాలామంది ఇళ్లు వదిలి పారిపోయారు. ఆ భయం ఊహించుకున్నది కాదు. ఆ సైన్యం దారిలో దొరికిన నల్లజాతివారిని, స్వేచ్ఛగా పుట్టినవారిని కూడా, పట్టుకుని బానిసలుగా వర్జీనియాకు తోలుకుపోయింది. బిగ్స్ తిరిగి వచ్చేసరికి కౌలు పొలంలోని ఇల్లు దక్షిణాది సైన్యపు ఆసుపత్రిగా మారి ఉంది.

యుద్ధం తరువాత పొలాలలో, తోటలలో, కంచెల పక్కన లోతు లేకుండా పూడ్చిన వేల శవాలను తీసి కొత్త జాతీయ శ్మశానవాటికకు తరలించాలని నిర్ణయించారు. టెండర్లలో అతి తక్కువ ధర శవానికి 1 డాలర్ 59 సెంట్లు. గుత్త పొందినది ఒక తెల్లవాడు. తవ్వి తీసే పనిని చేసినది బిగ్స్, అతని కింద పనిచేసిన ఎనిమిది పది మంది నల్లజాతి కూలీలు. 1863 అక్టోబరు చివరి నుంచి 1864 మార్చి వరకు, మధ్యలో నేల గడ్డకట్టిన రోజులు తప్ప, వాళ్లు 3,354 మందిని తీశారు. పర్యవేక్షకుడు శామ్యూల్ వీవర్ ప్రతి శవం దగ్గరా నిలబడి, బట్టలను బట్టి ఉత్తరాది సైనికుడా దక్షిణాది సైనికుడా అని తేల్చి, జేబులు వెతికించి, దొరికిన ఉత్తరాలను, గుర్తులను బంధువుల కోసం భద్రపరిచాడు. అప్పట్లో బండి తోలిన ఒక కుర్రవాడు పెద్దయ్యాక రాసుకున్న జ్ఞాపకాల ప్రకారం, అతని ఒంటి గుర్రపు బండి ఒక విడతకు ఆరు శవపేటికలను మోస్తే, బిగ్స్ రెండు గుర్రాల బండి తొమ్మిదింటిని మోసేది. నవంబరు 19న లింకన్ వచ్చి, మనుషులంతా సమానులుగా పుట్టారన్న మాటతో తన ప్రసంగాన్ని మొదలుపెట్టిన రోజుకు ఆ పని ఇంకా సగం కూడా కాలేదు.

శ్మశానవాటికను రూపొందించిన విలియం సాండర్స్ ఆఫీసరు, సిపాయి అనే తేడా లేకుండా అందరికీ ఒకే ఎత్తు రాయి ఉండాలని పట్టుబట్టి ఆ అర్ధవృత్తాలను గీశాడు. ఆ గీతలలో వేలమందిని తెచ్చి పడుకోబెట్టిన మనిషి, నాలుగేళ్లు తిరగకుండానే, తన వాళ్లను పూడ్చడానికి వేరే నేల చూసుకోవలసి వచ్చింది. బిగ్స్ సన్స్ ఆఫ్ గుడ్ విల్ సభ్యుడు. 1906 జూన్ 6న చనిపోయి లింకన్ సెమెటరీలోనే ఉన్నాడు. యార్క్ స్ట్రీట్‌లో ఉండిన నల్లజాతివారి పాత సమాధుల నుంచి అవశేషాలను తీసి లింకన్ సెమెటరీకి తెచ్చినది కూడా ఆ ఏడాదే.

మొదటి మూడు ప్రతులలో నా గొంతు పెరిగిపోయింది, విశేషణాలు పోగుపడ్డాయి. నాలుగో ప్రతిలో తేదీలు, లెక్కలు, దూరం మాత్రమే ఉంచాను. దానికి ఒక వాక్యం కలిపాను. యుద్ధం తరువాత బిగ్స్ కొనుక్కున్న పొలంలోనే, జూలై 3 నాటి దాడికి గురిగా చెప్పే చెట్ల గుంపు ఉంది. ఆయన వాటిని నరుకుతుంటే చరిత్రకారుడు జాన్ బాచెల్డర్ వచ్చి ఆపమని ఒప్పించాడు. ఈనాడు ప్రతి గైడూ చూపించే ఆ చెట్లు ఒకప్పుడు ఒక నల్లజాతి రైతు ఆస్తి అని ఎవరైనా చెప్పగా నేను వినలేదు.

మే 4

తెనాలి నుంచి వచ్చిన మా మామయ్యగారు ఈ రోజు పనిలోకి దిగారు. ఆయన సర్వే శాఖలో ముప్పై ఏళ్లకు పైగా చేసి రిటైరయ్యారు. ఫోను చూపించే జీపీఎస్ బిందువులతో నేను వేసిన చిత్తు పటాన్ని చూసి, ఒక రాయికీ పక్క రాయికీ మధ్య నాలుగడుగులే ఉన్నప్పుడు పది అడుగులు అటూఇటూ చూపించే పనిముట్టుతో ఏం కొలుస్తారని అడిగారు. నూరడుగుల టేపు, నాలుగు మేకులు, పురికొస తెప్పించారు. తోట పొడవునా ఒక ఆధార రేఖ పట్టి, దాని మీద నుంచి ప్రతి రాయికీ లంబంగా ఆఫ్‌సెట్ (పక్క దూరం) కొలిచి, మన సర్వే శాఖ పొలాల కొలతలు రాసే ఎఫ్.ఎం.బి. పుస్తకం తీరులోనే నడుమ గీత, అటూ ఇటూ అంకెలు రాసుకున్నారు. మూడు గంటలలో వరుసలన్నీ కాగితం మీదికి వచ్చాయి. నా నెల రోజుల బిందువులను తీసేశాను.

పెన్సిల్వేనియా పాత దస్తావేజులలో భూమిని పెర్చ్‌లలో కొలిచేవారని చెబితే, అదెంత అని అడిగారు. పదహారున్నర అడుగులని చెప్పగానే, అయితే గొలుసులో నాలుగో వంతు, ఇరవై అయిదు లింకులు అని వెంటనే లెక్క కట్టారు. భూమి కొలిచే 66 అడుగుల, వంద లింకుల గంటర్ గొలుసే ఇక్కడా, మద్రాసు ప్రెసిడెన్సీ సర్వేలోనూ నడిచింది. ఒకే కొలబద్ద.

మధ్యాహ్నం జాతీయ శ్మశానవాటిక వైపు నడుస్తూ, పర్యాటకుల కోసం నేను కొన్న ఒక ముద్రిత పటాన్ని ఆయన చాలాసేపు చూశారు. “వల్లకాడు లేకుండా ఊరి పటం ఎలా వేశారు బాబూ? మన గ్రామ పటాలలో దానికీ ఒక సర్వే నెంబరు ఉంటుంది, పోరంబోకు అని రాస్తాం” అన్నారు. కొంత దూరం నడిచాక, “ఒకే ఊళ్లో వాడకొక వల్లకాడు, వాటికి వేర్వేరు నెంబర్లు. ఎన్ని ఊళ్లలో నా చేత్తోనే వేశానో” అని అన్నారు. ఆ తరువాత కారు దాకా ఆయన మాట్లాడలేదు.

మే 18

తప్పు దొరికింది, నాదే. ఏప్రిల్‌లో తీసిన ఒక ఫొటోలో కంపెనీ అక్షరాన్ని సి అని చదివి కార్డు రాసేశాను. జాతీయ ఆర్కైవ్స్‌లో, 1879 నుంచి 1903 వరకు ప్రభుత్వం ఇచ్చిన రాళ్ల వివరాలున్న కార్డులు ఉన్నాయి. వాటితో పోల్చితే అది జి. అరిగిన చలువరాయి మీద సి, జి, ఓ మూడూ ఒకటే గుండ్రన. అప్పటివరకు రాసిన కార్డులన్నిటినీ ఆపి, మొదటి నుంచి మళ్లీ సరిచూశాను. ఇంకో రెండు చోట్ల పటాలం సంఖ్య కూడా అనుమానంగా ఉంది.

సంఖ్య సరిచూడటానికి ఒక దారి ఉంది. ఫిలడెల్ఫియా పక్కన క్యాంప్ విలియం పెన్ అనే శిబిరంలో నల్లజాతి సైనికులకు శిక్షణ ఇచ్చి పదకొండు పటాలాలను పంపారు: 3, 6, 8, 22, 24, 25, 32, 41, 43, 45, 127. మొత్తం పదకొండు వేలమంది వరకు. ఈ ప్రాంతంవాడి రాయి మీద రెండంకెలలో ఒకటి చెరిగిపోతే ముందు ఈ జాబితాలో చూస్తాను. కానీ అది సాక్ష్యం కాదు. మేరీల్యాండ్‌లోనో మసాచుసెట్స్‌లోనో చేరినవారూ ఉంటారు. సేవా పత్రంలోనో పింఛను కాగితంలోనో పేరు కనబడేదాకా ఆ గడిని ఖాళీగా ఉంచుతున్నాను.

సన్స్ ఆఫ్ గుడ్ విల్‌లో ముఖ్యుడైన లాయిడ్ వాట్స్ 24వ పటాలంలో సార్జెంటు. ఆ పటాలం జెండాను చిత్రించినది డేవిడ్ బస్టిల్ బౌజర్ అనే నల్లజాతి చిత్రకారుడు. యుద్ధంలో సైనికులైనవారు శాంతిలో పౌరులు కావాలి అనే అర్థం వచ్చే మాటలను దాని మీద రాశాడు. 1865లో ఆ జెండా కింద నిలబడి వచ్చినవాడు, రెండేళ్ల తరువాత, తోటివారితో కలిసి చందాలు పోగుచేసి సమాధుల కోసం నేల సంపాదించిన సంఘంలో ఉన్నాడు. వాట్స్ కార్డుకు ముఖచిత్రంగా మా అమ్మాయి జెండా బొమ్మ గీస్తోంది.

జూన్ 1

జాతీయ శ్మశానవాటిక వైపు కూడా రెండు చుక్కలు పెట్టాను. హెన్రీ గుడెన్, 127వ పటాలం. చార్లెస్ పార్కర్, 3వ పటాలం. ఆ ఆవరణలోకి వెళ్లగలిగిన నల్లజాతి అంతర్యుద్ధ సైనికులు ఈ ఇద్దరే. పార్కర్‌ను వేరే చోటి నుంచి తీసి 1936లో ఇక్కడికి తెచ్చారు. వేల రాళ్ల మధ్య ఆ రెంటినీ వెతకడానికి ఒక పూట పట్టింది. పిల్లలకు అంత వెతుకులాట లేకుండా వరుసను గుర్తించి, మూల నుంచి అడుగులు లెక్కపెట్టి రాసుకున్నాను.

జూన్ 8

అచ్చు ప్రతి వచ్చింది. ఎ3 కాగితం, నాలుగు మడతలు. ఎడమ వైపు పైన లాంగ్ లేన్, కుడి వైపు జాతీయ శ్మశానవాటిక, మధ్యలో నడక దారి. అడుగున మామయ్యగారి కొలతలతో లింకన్ సెమెటరీ వరుసలు విడిగా. సైనికుల ముప్పై కార్డులలో ఇరవై మూడు పూర్తయ్యాయి. నాలుగింటిలో కంపెనీ గడి ఖాళీ, మూడింటికి ఇంకా సేవా పత్రాలు దొరకాలి. యార్క్ స్ట్రీట్ నుంచి తెచ్చినవారికి విడివిడిగా రాళ్లు చూపించలేను కాబట్టి, ఆ విషయాన్ని ఒక వాక్యంగా పటం అంచున రాశాను. మామయ్యగారు నిన్ననే తిరిగి వెళ్లారు. వెళ్లేముందు, పటానికి ఉత్తర దిక్కు బాణం పెట్టలేదని గుర్తు చేసి ఆయనే గీశారు.

వచ్చే శనివారం పిల్లలు పద్నాలుగు మంది వస్తున్నారు. ఇంతకుముందు నడకలన్నీ జాతీయ శ్మశానవాటిక ద్వారం దగ్గర మొదలయ్యేవి. తల్లిదండ్రులకు పంపిన ఉత్తరంలో కలుసుకునే చోటును మార్చాను: ఉదయం ఎనిమిదిన్నరకు, లాంగ్ లేన్, నీలి ఫలకం దగ్గర. ఎండ పక్కవాటుగా పడే ఆ వేళలో అద్దం పట్టుకునే పని మా అమ్మాయిది.